బాబాయి పన్ను గుంటలో లేజరు

మా బాబాయి సన్నాయి వాయించేవాడు. కోడూరు చుట్టుపక్కల పెళ్ళంటే ఆయన ఉండాల్సిందే. అలాంటి మనిషి ఓ ఆదివారం పీత కాలు కొరికి పై పన్ను విరగ్గొట్టుకున్నాడు. సరిగ్గా ముందుపన్ను. మూడో రోజుకి పెదవి బూరెలా ఉబ్బింది. నేనప్పుడు బందరులో టీచరుగా చేస్తున్నాను. పిన్నీ ఆయనా బస్సెక్కి తిన్నగా మా ఇంటికొచ్చేశారు.

నేను బాబాయిని చూపించిన పళ్ళ డాక్టరు గారు అప్పుడే కొత్తగా లేజరు మిషను తెప్పించుకున్నారు. దాని గురించి ఎవరడుగుతారా అని కాచుక్కూచున్నట్టుండేవారు.

"వేరు దగ్గర చీము పట్టిందండీ. పన్ను తీసెయ్యాలి. గుంటలో క్రిములు మిగిలితే తర్వాత పెట్టే స్క్రూ నిలవదు. అందుకని ముందు లేజరుతో గుంట శుభ్రం చేస్తాను. కొన్ని నెలలాగి స్క్రూ బిగించి, దానిమీద కొత్త పన్ను పెడదాం," అన్నారు.

బాబాయికి స్క్రూ గురించి బెంగ లేదు. మెడ వెనక తడుముకుంటూ, "ఆ లేజరు ఇటువైపు నుంచి బయటికొచ్చేస్తుందాండీ?" అన్నాడు.

"రాదండీ. లోపలే ఆగిపోతుంది."

"ఆగడానికి లోపల ఏముందండీ?" అంది పిన్ని, నిజంగానే కంగారుపడుతూ.

వాపు తగ్గడానికి మందులు వాడి, వారం తర్వాత వెళ్ళాం. పన్ను సులువుగానే వచ్చింది. లేజరు పెట్టేముందు, గదిలో ఉన్నవాళ్ళందరూ కళ్ళకి అద్దాలు పెట్టుకోవాలన్నారు. పిన్ని బయటికి వెళ్ళనంది. సరేనని అందరికీ తలో జత ఇచ్చారు. పెద్ద పెద్ద ఆకుపచ్చ అద్దాలు. డాక్టరు గారు, నేను, కుర్చీలో నోరు తెరుచుకుని బాబాయి, ముక్కుపుడక పైన అద్దాలతో పిన్ని. నలుగురం మిడతల్లా ఉన్నాం.

ముందు పిన్ని కిసుక్కుమంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది చూసి బాబాయి పొట్ట కదలడం మొదలైంది. మిషను కీచుమంటోంది. దారమంత సన్నటి గొట్టం పట్టుకుని డాక్టరు గారు, "కదలకండి, గుంట తప్పుతుంది," అంటున్నారు. బాబాయి తెరిచిన నోట్లోంచే "హా హా" అన్నాడు. పిన్నిని బయటికి పంపేశారు. ఆవిడ అద్దాలు తియ్యకుండానే వెళ్ళి, తలుపుకున్న గాజుపలకకి ముక్కు ఆనించి లోపలికి చూసింది. బాబాయి మళ్ళీ మొదలెట్టాడు. చివరికి డాక్టరు గారు ఆయన్ని కళ్ళు మూసుకోమని, ఎవరో దగ్గరవాళ్ళు పోయారనుకోమన్నారు. బాబాయి ఎవర్ని తలుచుకున్నాడో గానీ పని అయిపోయింది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. "గుంట మానేదాకా ఊదడం కుదరదండీ," అన్నారు డాక్టరు గారు. ఆ మాటతో బాబాయి నవ్వంతా పోయింది. వారంలో గుడివాడలో పెళ్ళి ఒప్పుకుని ఉన్నాడు.

సన్నాయి వాయించడానికి ఎప్పుడూ తనతో జోడీ కట్టే ఆయన్ని ఒప్పించి, తను తాళాలు పట్టుకుని కూచున్నాడు. నేనూ వెళ్ళాను. పాపం, తలొంచుకుని బుద్ధిగా తాళం వేస్తున్నాడు. ఇంతలో పంతులు గారు "గట్టిమేళం!" అని అరిచారు. ఇన్నేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? బాబాయి చేతిలో సన్నాయి లేకపోయినా బుగ్గలు రెండూ పూరించేశాడు. ఆడవాళ్ళ వరసలోంచి పిన్ని లేచి, అక్షింతల మధ్యలోంచి పరుగెత్తి, రెండు చేతుల్తో ఆయన బుగ్గలు నొక్కేసింది. తుస్సుమంది. తాళి కట్టబోతున్న పెళ్ళికొడుకు ఇటు తిరిగి చూస్తూ ఉండిపోయాడు. "నాయనా, ముడి అటు," అన్నారు పంతులు గారు.

గుంట శుభ్రంగా మానింది. డాక్టరు గారు ఎక్స్‌రే చూసి బాబాయి కంటే ఎక్కువ సంబరపడ్డారు. స్క్రూ పెట్టారు, అది పట్టాక పన్ను పెట్టారు. కానీ కొత్త పన్నుతో పెదవి కుదురుకోవడానికి నెల పట్టింది. ఆ అపస్వరాలకి బెదిరి తమ గేదె పాలు చేపడం లేదని పక్కింటివాళ్ళు వచ్చి గొడవపెట్టుకున్నారు కూడా.

ఓ సెలవురోజు నేను వెళ్ళేసరికి బాబాయి వీధరుగు మీద మోహన రాగం వాయిస్తున్నాడు. ఎక్కడా గాలి జారలేదు. పిన్ని గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. లోపల వంకాయ కూర మాడుతున్న వాసన వస్తోంది. చెబుదామనుకుని ఊరుకున్నాను.