కట్టు, పెట్టు: మా ల్యాబ్ మేడం

ఆదివారం పొద్దున నిజామాబాద్‌లో మా డాబా మీద బట్టలు ఆరేస్తుంటే బోధన్ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది నేను చదివిన డిగ్రీ కాలేజీలోని ల్యాబ్ అటెండర్. "అక్కా, మేడం పోయిండ్రు. రుద్రూర్‌ల వాళ్లింట్లనే. పన్నెండు గొట్టంగ తీస్కపోతరట, జల్ది రా" అన్నాడు. "ఏ మేడం?" అని అడిగాను. అడుగుతున్నప్పుడే నాకు తెలుసు. రెండేళ్లుగా ఆమె కిడ్నీలు పాడై ఉన్నాయి. అయినా అడిగాను.

ఆమె మాకు కంప్యూటర్ ల్యాబ్ చూసే మేడం. అందరూ చెప్పులతో తిరిగే గదిలోకి ఆమె చెప్పులు విప్పి వచ్చేవారు. పగలు జొన్నరొట్టె తిని, చేతులు కడుక్కుని, కొంగుతో కీబోర్డు తుడిచి కూర్చునేవారు. కోపం ఎక్కువ. మెచ్చుకోవడం రాదు. మూడేళ్లలో నాకు ఒక్కసారి కూడా "బాగుంది" అని చెప్పలేదు.

నాకు పుట్టుకతోనే చూపు తక్కువ. మా అమ్మ బీడీలు చుట్టి నన్ను కంప్యూటర్ కోర్సులో చేర్పించింది, నేనేమో తెరకు ముక్కు ఆనించి ఒక్కో అక్షరం వెతుక్కునేదాన్ని. మొదటి ఏడే మానేద్దామనుకున్నాను. ఒకరోజు మేడం వెనక నిలబడి చూశారు.

"ఏందిది, ముక్కుతోని టైప్ చేస్తున్నవా?"

"కనబడ్తలేదు మేడం."

పది రోజుల తర్వాత నన్ను పిలిచి ఒక మిషన్ ముందు కూర్చోబెట్టారు. మేం ప్రోగ్రాములు రాసే ఎడిటర్‌కు ఆమె సొంతంగా ఒక ఎక్స్‌టెన్షన్, అంటే దానికి తగిలించే చిన్న ప్రోగ్రాం, రాశారు. నేను ఏ లైను మీద ఉంటే ఆ లైను పసుపు పట్టీ మీద పెద్దగా కనబడుతోంది. తప్పు చేస్తే ఆ లైను నెంబరును పైకి చదువుతోంది. నేను ముక్కు వెనక్కి తీసుకుని, నిటారుగా కూర్చుని చదివాను. నా జీవితంలో అది మొదటిసారి.

కానీ దాన్ని ప్రతి మిషన్‌లో విడిగా కంపైల్ చేయాలి, అంటే ఆ మిషన్‌కు అర్థమయ్యేలా మార్చాలి, తర్వాత సరైన జాగాలో పెట్టాలి. షెల్ అనే నల్ల తెరలో ఆరేడు ఆజ్ఞలు వరసగా కొట్టాలి. ఆ చిన్న అక్షరాల్లో నేను రోజూ ఏదో ఒకటి తప్పు కొట్టేదాన్ని. అప్పుడు మేడం ఆ ఆజ్ఞలన్నీ కలిపి రెండు చిన్న ఫంక్షన్లు రాశారు. "కట్టు" అని కొడితే పాత ముక్కలు తుడిచి కొత్తగా కంపైల్ చేస్తుంది. "పెట్టు" అని కొడితే ఎడిటర్‌లో ఉన్న పాతదాన్ని ఒక పక్కన దాచి, కొత్తదాన్ని పెడుతుంది. "పాతది దాచకుండ కొత్తది పెట్టొద్దు" అనేవారు. ఫంక్షన్ల మధ్య తెలుగులో మాటలు రాసిపెట్టేవారు: "ఈ లైను మూడో మిషన్ కోసం. దానికి ఓపిక తక్కువ."

చివరి ఏడాది ప్రాక్టికల్ పరీక్షకు వారం ముందు ల్యాబ్‌లో మిషన్లు మార్చారు. కొత్త ఎడిటర్ వచ్చింది. కట్టు అని కొట్టగానే తెరంతా తప్పులు చూపే ఎర్ర లైన్లతో నిండింది. పరుగున మేడం దగ్గరికి పోయాను. ఆమె కదల్లేదు.

"నేను చెయ్య. నువ్వే చెయ్యి."

"కనబడకనే కద మేడం మీ దగ్గరికొచ్చిన!"

"చదువుడు నేను చదువుత. కొట్టుడు నువ్వు కొట్టు."

పక్కన కూర్చున్నారు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎర్ర లైన్లను ఒక్కొక్కటిగా పైకి చదివారు. కీబోర్డు ముట్టలేదు. నేను ఏడ్చాను. "కంప్యూటర్ తిడ్తలేదు బిడ్డా, ఏడ తప్పయిందో చెప్తున్నది. ఇను" అన్నారు. రెండు మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. మూడోనాడు కట్టు ఫంక్షన్‌లో పాత ఎడిటర్ చిరునామా ఉండిపోయిందని నాకే తట్టింది. మార్చాను. పసుపు పట్టీ వచ్చింది. ఆమె లేచి చెప్పులు వేసుకుంటూ, "పరీక్షనాడు నన్ను లోపలికి రానియ్యరు" అన్నారు. అంతే.

పరీక్షనాడు నాకిచ్చిన మిషన్‌లో ఏమీ లేదు. పెన్‌డ్రైవ్ నుంచి ఫంక్షన్లు ఎక్కించి కట్టు కొట్టాను. ఎర్రగా వచ్చింది. తెరకు ముక్కు ఆనించి మొదటి లైను చదివాను, రెండోది చదివాను, సరిచేశాను. మళ్లీ కట్టు. తర్వాత పెట్టు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ వెనక నుంచి "ఇదేంటమ్మా, ఎవరు పెట్టారు?" అని గట్టిగా అడిగారు.

"నేనే పెట్టిన సార్. ఇప్పుడే."

ఆయన కాసేపు చూసి పక్క మిషన్ దగ్గరికి వెళ్లిపోయారు. పాసయ్యాను. నిజామాబాద్‌లో ఉద్యోగం దొరికింది.

ఉద్యోగంలో చేరిన ఏడాదికి ఆ ఫంక్షన్లలో ఒక లోపం నా కంటబడింది. ఫోల్డర్ పేరు మధ్యలో ఖాళీ జాగా ఉంటే కట్టు దాన్ని రెండు పేర్లనుకుని, వేరే ఫోల్డర్ తుడిచేస్తోంది. మేడం రాసినదానిలో తప్పు చెప్పడమా అని రెండు రోజులు ఊరుకున్నాను. చివరికి భయపడుతూ ఫోన్ చేశాను.

"గిన్నేండ్ల సంది నాకు దొరకలే" అన్నారు. "సరిచెయ్యి. పైన నా పేరు కింద నీ పేరు రాయి."

ఆ ఆదివారం నేను రుద్రూర్ చేరేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు. మేడం అక్క నా మందపాటి కళ్లద్దాలు చూసి చెయ్యి పట్టుకుంది. "నువ్వేనా, మా చెల్లె తప్పు పట్టిన పిల్లవు?"

తలదించుకున్నాను.

"గా ముచ్చట మా అందరికి చెప్పింది బిడ్డా. దవాఖాన్ల నర్సుకు గూడ చెప్పింది. మస్తు సంబురపడ్డది."

అప్పటిదాకా ఆగిన ఏడుపు అప్పుడొచ్చింది.

మేడం పాడె వెనక ఊరి బయటికి నడిచాం. చెరుకు నరికే రోజులు. ఎదురుగా చెరుకు లోడుతో ఒక ట్రాక్టర్ వచ్చి, మమ్మల్ని చూసి పక్కకు ఆగింది. డ్రైవర్ ఇంజన్ ఆపి, తలకు చుట్టుకున్న తువ్వాల తీశాడు. దాని వెనక వస్తున్న ట్రాక్టర్ కూడా ఆగింది. దాని వెనకది కూడా. కంటికి ఆనని దూరం దాకా ఒక్కొక్క ఇంజనే ఆగిపోవడం నాకు వినబడింది. తర్వాత ఆ రోడ్డు మీద చెరుకు ఆకుల గలగల తప్ప ఏ చప్పుడూ లేదు.