బట్టతలకు దువ్వెన బేరం

కొనని వస్తువుకు బేరమాడడంలో ఢిల్లేశ్వరరావును మించినవాడు కాశీబుగ్గలో ఇంకా పుట్టలేదు. నెత్తిమీద ఒక్క వెంట్రుక లేదు, దువ్వెనకు బేరం. ఇంట్లో దూడైనా లేదు, ఎద్దు మెడలో గంటకు బేరం. పోనీ కొంటాడా అంటే, కొట్టువాడు దిగొచ్చి సరేననగానే "అబ్బే, సాలా కరీదు" అని చక్కా పోతాడు.

ఈ మహానుభావుడితో రోజూ బజారుకు నడిచే ఖర్మ భార్య పైడితల్లికి పట్టింది. నాలుగడుగులు వేస్తారో లేదో, ఏదో ఒక కొట్టు ముందు ఆగిపోతాడు.

"ఏటయ్యా, ట్రాక్టరు టైరు నీకెందుకు?"

"కొనకపోతే అడక్కూడదేటే?"

ఒకనాడు కొట్టు మూసి ఉంది. అయినా ఆగాడు. తాళం పట్టుకు చూసి పక్క కొట్టువాణ్ణి అడిగాడు: "ఈ తాళం ఎంతకి కొన్నారో నీకేటైనా తెలుసా బాబూ?" పైడితల్లికి తల కొట్టేసినట్టయింది.

అసలు ఈ బజారు నడక డాక్టరు చెప్పింది. పైడితల్లి ఏళ్ల తరబడి జీడిపిక్కలు కాల్చే పొగలో పనిచేసింది. ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇప్పుడు కాళ్లకు నీరు పడుతోంది.

"కాళ్లకీ ఊపిరితిత్తులకీ ఏటి సమ్మందం బాబూ?" అంది.

"ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు ఇరుకైపోయాయమ్మా. వాటిలోకి రక్తాన్ని నెట్టలేక గుండె కుడివైపు అలిసిపోతోంది."

జీవితమంతా పొలం మోటార్లు బాగుచేసిన ఢిల్లేశ్వరరావు ఠక్కున అందుకున్నాడు. "పైపు పూడుకుపోతే మోటారుకి బరువైనట్టా?"

"అంతే. మందులు మానకూడదు. రోజూ కొంచెం నడవాలి. ఆయాసం ముదరకముందే ఆగాలి. మొండికేస్తే మంచాన పడతారు."

పైడితల్లికి మంచమంటే హడలు. కానీ నడిరోడ్డు మీద ఆగి రొప్పడమంటే అంతకన్నా నామోషీ. "నాతో పనిసేసినోళ్లు సూత్తే ఏటనుకుంటారు? నాను ఆగను" అని తేల్చేసింది.

ఓరోజు ఢిల్లేశ్వరరావు పనిమీద సోంపేట వెళ్లాడు. పీడ విరగడైందనుకుని పైడితల్లి ఒక్కతే బయల్దేరింది. ఎక్కడా ఆగకుండా గబగబా నడిచింది. సగం దారిలో ఊపిరందలేదు. గుండె దడదడలాడింది. గాజులమ్మే తిరుమల కొట్టు గుంజ పట్టుకుని నిలబడిపోయింది.

తిరుమల స్టూలు తెచ్చి వేశాడు. "కూకో అత్తా. మావ రానేదేటి?"

పైడితల్లి స్టూలు మీద కూలబడింది. "రానేదు. ఈ పూటకి నీకు బేరం గోల తప్పింది."

తిరుమల నవ్వాడు. "ఆ బేరం నాతోనేటి అత్తా? నోరు నాతో, కళ్లు నీమీద. నీ రొప్పు తగ్గేదాకా గాజులు బాగోనేదంటాడు. తగ్గగానే కరీదంటాడు. నీకు జబ్బు సేసినకాడినుంచే కదా మావకీ యావ?"

పైడితల్లికి ఆ తాళం గుర్తొచ్చింది. ఆ రోజు కొట్టు మూసి ఉంది గానీ, తనకు ఆయాసం వచ్చింది. పిచ్చి మారాజు, ఊరంతా నవ్వినా తన పరువు పోనివ్వలేదు! ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో ఆవిడకే తెలియాలి.

మర్నాడు ఇద్దరూ బయల్దేరారు. ఇనప సామాను కొట్టు దగ్గర ఢిల్లేశ్వరరావు ఇంకా నోరు విప్పనేలేదు, పైడితల్లే ఆగింది.

"ఆ గొడ్డలెంత బాబూ?"

ఢిల్లేశ్వరరావు తెల్లబోయాడు. "నీకెందుకే గొడ్డలి?"

"నీకు దువ్వెనెందుకో నాకూ అందుకే" అని, కొట్టు ముందున్న స్టూలు లాక్కుని నడిబజారులో దర్జాగా కూర్చుంది.