కొడుకుకు తొవ్వ నేర్పిన భాగ్యక్క

పోయిన నెల ఒక ఉదయం పాలకుర్తిలో నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుండగా ఫోన్ మోగింది. చేసింది మా అక్క కొడుకు శ్రీధర్. ముప్పై దాటినవాడు, ఆటిజంతో పుట్టినవాడు. ఫోన్‌లో మాట్లాడటం అతనికి బొత్తిగా గిట్టదు. "చిన్నమ్మా, అమ్మ లేస్తలేదు. పక్కింటి అత్తమ్మను పిలిచిన. డాక్టరొచ్చి చూసిండు. అమ్మ సచ్చిపోయింది. నువ్వు రా" అన్నాడు. అతని గొంతులో వణుకు లేదు. వరంగల్ మట్టెవాడలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే భాగ్యలక్ష్మి, నా ఏకైక సోదరి, నిద్రలోనే గుండె ఆగి కన్నుమూసిందన్న సత్యాన్ని నా మనసు ఇప్పటికీ అంగీకరించడం లేదు.

శ్రీధర్ పసివాడుగా ఉన్నప్పుడే బావ పోయాడు. దుకాణమూ బిడ్డా అక్క చేతికి వచ్చాయి. పిల్లవాడు పిలిస్తే పలకడనీ, కళ్లలోకి చూడడనీ అక్కా నేనూ హైదరాబాద్ తీసుకువెళ్తే, అక్కడి వైద్యురాలు ఆటిజం అని చెప్పింది. ఇది మందులతో పోయే వ్యాధి కాదనీ, అతని మెదడు లోకాన్ని గ్రహించే తీరే వేరనీ, ఆ తీరుకు తగ్గట్టు ఓపికగా నేర్పితే నేర్చుకుంటాడనీ వివరించింది. తిరిగి వరంగల్‌లో బస్సు దిగాక అక్క అన్నది: "పోనిదాన్ని పోగొట్టమని ఇగ ఎవ్వర్ని అడుగ చెల్లే. నేర్పుడైతే నా చేతుల ఉన్నది."

అత్తగారి మొక్కు తీర్చడానికి ఒకసారి మేడారం జాతరకు వెళ్లారు. బంగారమని పిలుచుకునే బెల్లం నెత్తిన పెట్టుకుని జనంలో నడుస్తున్నారు. అమ్మవార్ల గద్దెలు కనబడే దూరంలో, ఆ హోరుకు తాళలేక శ్రీధర్ చెవులు మూసుకుని నేల మీద కూలబడ్డాడు. అక్క వెంటనే వెనుదిరిగింది. అత్తగారు నిర్ఘాంతపోయింది. "ఇంత దూరమొచ్చి తల్లులకు మొక్కకుంట పోతవా?"

"వాళ్లు గూడ తల్లులే కదత్తమ్మా. పిలగాడు ఇట్ల ఏడుస్తాంటె ముందుకు రమ్మంటరా?" అని, బెల్లాన్ని ముందుకు పోతున్న ఒక స్త్రీ చేతిలో పెట్టి, తమ తరఫున సమర్పించమని వేడుకుంది.

ఆ తర్వాత అక్క జాతరలకే కాదు, పెళ్లిళ్లకు వెళ్లడం కూడా మానుకుంది. మొదట్లో బంధువులు నిష్ఠూరమాడారు. తర్వాత పిలవడమే మానేశారు. వీధి వీధంతా పెళ్లికి తరలిపోయిన రోజుల్లో దుకాణంలో ఒక్కతే కూర్చునేది. "నాకు అలవాటైంది" అనేది. కానీ కట్టని పట్టుచీరలను ఏటేటా ఎండబెట్టి, మడతపెట్టి, మళ్లీ బీరువాలో దాచుకోవడం నేను చూశాను.

స్టీలు గిన్నె కింద పడితే చాలు, శ్రీధర్ ఇల్లు విడిచి పరుగెత్తేవాడు. అలాంటివాణ్ని ఆ దుకాణంలోనే కూర్చోబెట్టమని అందరూ సలహా ఇచ్చారు. అక్క వినలేదు. హనుమకొండలో ఒక దుప్పట్ల దుకాణం యజమానిని వెళ్లి కలిసింది. "మీ కాడ సప్పుడుండదు. మావోడు మాట్లాడడు గని, దుప్పటి మడతబెడితే అంచుకు అంచు తప్పదు. జర చూడుండ్రి" అని ఒప్పించింది. పని దొరికాక ఒంటరిగా బస్సులో వెళ్లిరావడం నేర్పింది. నెలల తరబడి, కొడుకుకు కనబడకుండా కొంగు కప్పుకుని, అదే బస్సులో వెనక సీట్లో కూర్చుని వెళ్లింది. అతనికి తొవ్వ పట్టుబడిందని తోచాక ఇంటి దగ్గరే ఆగిపోయింది.

ఒకనాడు అతను ఎక్కే బస్సు రాలేదు. నిరీక్షణ, తోపులాట, హారన్లు. శ్రీధర్ తన చెంపలు తానే కొట్టుకుంటూ కేకలు పెట్టాడు. తాగినవాడనుకుని ఎవరో తోసేశారు. పెదవి చిట్లింది. కబురందిన అక్క ఆటోలో వెళ్లి, అతన్ని ముట్టుకోకుండా, అతని పక్కనే ఆ మట్టిలో కూర్చుంది. ఆ స్థితిలో స్పర్శ కూడా అతనికి బాధే. అతను శాంతించేదాకా అలాగే ఉండిపోయింది.

సాయంత్రం నేను వెళ్లి, "ఇగ చాలక్కా. ఇంట్లనే ఉండనియ్యి" అన్నాను.

"నేనున్నన్ని రోజులు ఉంటడు. నేను పోయినంక? గప్పుడు గీ రోడ్డు వానికి కొత్తగ కనవడొద్దే."

"రాతి గుండె అంటాండ్రు నిన్ను."

"అననియ్యి. వాడు గడప దాటంగనె నా పానం గుంజుతది. గది ఎవలకు చెప్పుకోవాలె?" అన్నది. కొడుకు పెదవికి మళ్లీ మందు రాసింది.

మర్నాడు ఆ బస్టాపు దగ్గరికి వెళ్లి, చాయ్ బండివాడికీ ఆటోవాళ్లకూ కొడుకు ఫోటో చూపించింది. "గీయన మా శ్రీధర్. మాట్లాడకుంటె గర్వమనుకోకుండ్రి. లొల్లి చేస్తె మీదవడకుండ్రి, జర జాగ ఇయ్యుండ్రి, ఆయనే సల్లబడుతడు" అని చెప్పింది. పెదవి మానగానే మళ్లీ పంపింది. అప్పటినుంచి ఆ బస్టాపులో అతన్ని ఎవరూ తోయలేదు. తమ పిల్లల కోసం సలహా అడగవచ్చే తల్లులతో అక్క ఒకే మాట అనేది: "నయమైతదా అని అడుగకుండ్రి. తన పని తాను చేసుకుంటడా అని అడుగుండ్రి."

అంతిమయాత్ర నాడు వాకిట్లోకి డప్పులు వచ్చాయి. నేను వద్దన్నాను. బావగారి అన్న కోపగించుకున్నాడు. "డప్పు లేకుంట శవాన్ని లేపుతరా? నలుగురు ఏమనుకుంటరు?"

"నలుగురి కోసం అక్క ఎన్నడన్న బతికిందా బావా? నిప్పు పట్టేటిది ఆమె కొడుకు. గీ సప్పుడుల వాడెట్ల నడుస్తడు?" అన్నాను. ఆయన శ్రీధర్‌ను చూసి, డప్పులవాళ్లను పంపించేశాడు. మట్టెవాడ వీధుల్లో నిశ్శబ్దంగా సాగిన ఆ యాత్రలో శ్రీధర్ నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. ఎక్కడా ఆగలేదు.

కర్మకాండ ముగిశాక బంధువులు అతన్ని కొన్నాళ్లు ఒకరు, కొన్నాళ్లు ఒకరు ఉంచుకోవాలని పంచుకోసాగారు. పక్కింటి అత్తమ్మే, "పిలగాన్ని గూడ అడుగుండ్రి" అన్నది. "ఈడనే ఉంట. రేపు డ్యూటీ ఉన్నది" అన్నాడు శ్రీధర్. ఆమె రోజూ వచ్చి చూసిపోయేటట్టు, ఆదివారాలు నేను వచ్చేటట్టు అనుకున్నాం.

నేను వారం రోజులు ఉన్నాను. అన్నం తానే వండుకున్నాడు. బట్టలు తానే ఉతుక్కున్నాడు. అతనికి దుఃఖమే తెలియదని కొందరు గుసగుసలాడారు. కానీ అక్క చేతి వంకాయ కూర అంటే ప్రాణం పెట్టేవాడు, ఇప్పుడు వంకాయను ఇంట్లోకే రానివ్వడం లేదు. చివరిరోజు ఉదయం అడిగాడు: "చిన్నమ్మా, ఎప్పుడు పోతవ్?"

"పొమ్మంటానవా బిడ్డా?"

"నీకు బడి ఉన్నది గద. నేను ఉంట."

తాళం వేసి, అది పడిందో లేదో లాగి చూసి, అతను హనుమకొండ వైపు వెళ్లిపోయాడు. నేను సంచి పట్టుకుని ఆ గడప ముందు నిలబడిపోయాను. తల్లి లేకుండా బతకడం ఆ బిడ్డకు నేర్పి వెళ్లింది మా అక్క. ఆ మహాతల్లికి చేతులు జోడించి నమస్కరిస్తున్నాను. అక్క లేకుండా బతకడం మాత్రం నాకెవరూ నేర్పలేదు.