నడుమ ఆకు

బీడీలు చుట్టే ఎండు తునికాకు వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఖాసిం చిచ్చా గొంతు వినిపిస్తుంది. మొన్న వేసవిలో పక్కింటివాళ్లు ఆకు కట్టలు మా గోడ వారన ఆరబెట్టారు. ఆ వాసనలోనే మా అమ్మాయి రజిత రెండు కాలేజీల కాగితాలు ముందేసుకుని కూర్చుంది. నాకు సంతకం తప్ప రాయడం రాదు. ఇప్పుడు నేను చెబుతుంటే, సెలవులకు వచ్చిన రజితే ఇదంతా రాస్తోంది.

చిచ్చా మా ఊరి ఆకు కల్లానికి కల్లేదారు. అడవిలో కోసిన ఆకును యాభై చొప్పున కట్ట కట్టి తెస్తే, చూసి తీసుకునే మనిషి. ఇల్లందులో వాళ్లకు బట్టల దుకాణం ఉండేది. ఎండలు ముదిరితే మాత్రం నల్ల గొడుగు పట్టుకుని మా ఊళ్లో బస్సు దిగేవాడు. మా ఆయన పోయిన ఏడాది నేను మొదటిసారి ఆకుకు వెళ్లాను. చంటిపిల్లను చంకనేసుకుని ఎంతని కోస్తాను? పైనా కిందా మంచి ఆకు పెట్టి, మధ్యలో పురుగు తిన్నవీ ముదిరినవీ దూర్చాను. చిచ్చా నా కట్టను వేలితో సరిగ్గా నడుమకు విప్పాడు. నా మొహం చూశాడు. మళ్లీ నార కట్టి పక్కన పెట్టాడు. వెనక నిలబడ్డవాళ్లకు ఏమీ తెలియలేదు. అందరూ వెళ్లాక పిలిచాడు.

"పైనాకు అందరు మంచిదే పెడ్తరు బిడ్డా. కట్ట సంగతి నడుమాకు చెప్తది."

నేను తల ఎత్తలేదు. ఇక రావద్దంటాడనుకున్నాను. మర్నాటి నుంచి తన పక్కన కూర్చుని కట్టలు చూడమన్నాడు. నాకేం తెలుసు చిచ్చా అంటే నవ్వాడు.

"దాచినోళ్లకే ఎరుక, ఏడ దాస్తరో."

పద్నాలుగు వేసవులు ఆయన పక్కన కూర్చున్నాను. తప్పు పట్టినా నలుగురిలో పట్టకూడదన్నది కూడా అక్కడే నేర్చుకున్నాను.

రజిత చదవాలనుకున్నది క్వాంటిటేటివ్ ఫైనాన్స్. షేర్ల ధరలు ఎటు పోతాయో, ఎంత ముప్పు ఉందో లెక్కగట్టే పెద్ద చదువట. ముంబయిలో ఒక సీటు, చెన్నైలో ఒక సీటు వచ్చాయి. సాయంత్రంలోగా ఒకదానికి సరే అనాలి, రెండోది పోతుంది. ముంబయి వాళ్ల పుస్తకం నున్నగా మెరుస్తోంది. అట్ట మీద కోట్లు వేసుకున్న ముగ్గురు, పెద్ద కంపెనీల్లో చేరినవాళ్లు. చెన్నైది ఉత్త కాగితం. పిల్ల మనసంతా ముంబయి మీదే ఉంది. ఆ చదువు నాకేం తెలుసు? కానీ ఆ ముగ్గురి ఫొటోలు చూస్తుంటే చిచ్చా వేలు గుర్తొచ్చింది.

"వీళ్లు పైనాకులే. నడుమోళ్లు ఏమయిండ్రు?"

రజిత ఆ పుస్తకమంతా తిరగేసింది. తర్వాత నవ్వింది.

"దాన్ని మా లెక్కలల్ల మీడియన్ అంటరమ్మా. నాకు గిది తట్టనే లేదు."

రెండు చోట్లా మార్కుల్లో ముందూ కాని, వెనకా కాని వాళ్లను వెతికి ఫోన్ చేసింది. ముంబయిలో చదివిన అమ్మాయి ఏడాదిగా ఇంట్లోనే ఉన్నానంది. సార్లకు తన పేరు కూడా తెలియదట. చెన్నై అబ్బాయి మొదటి ఆరు నెలలు ఏడ్చానన్నాడు. అర్థం కాకపోతే సార్లే కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ చెప్పేవారట. ఇప్పుడు బ్యాంకులో ముప్పు లెక్కలు చూసే పనిలో ఉన్నాడు. రజిత చెన్నైకి సరే అంది. ముంబయి పుస్తకాన్ని మాత్రం చాలాసేపు ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

చిచ్చా పోయి రెండేళ్లు. నా కట్ట సంగతి ఎవరికీ చెప్పకుండానే పోయాడు. రజితకూ నేను ఇప్పుడే చెప్పాను. ఆ ముక్క దగ్గర దాని కలం ఆగింది. తీసెయ్యనా అమ్మా అని మెల్లగా అడిగింది.

"ఉంచు బిడ్డా. నడుమాకు గదే."