రెండు వేళ్ల మధ్య బట్ట

మా చిన్నన్నకు ఒక అలవాటు. ఎవరి చొక్కా కనబడినా అంచును రెండు వేళ్ల మధ్య నలిపి నేత చూసేవాడు. సిరిసిల్ల మగ్గాల మధ్య పుట్టినవాడు మరి. చైనా యుద్ధమైన మరుసటేడు ఫౌజు నుంచి సెలవుకు వచ్చి, విమానంలోంచి దూకే దళానికి పేరిచ్చానన్నాడు. బాపు మగ్గం ఆగింది.

“గదే ఎందుకురా?”

“మనం నేసింది మానం కాపాడుతది బాపూ. గా పారాషూట్ బట్ట పాణమే కాపాడుతది. దాన్ని నమ్మి దునికి సూడాలె.”

“పోగు తెగితే?” అంది అవ్వ.

చిన్నన్న జేబులోంచి ఆ బట్ట ముక్కొకటి తీసి బాపు చేతిలో పెట్టాడు. బాపు దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపాడు. గోటితో గీరాడు. వెలుతురుకు పట్టి చూశాడు. అవ్వ ఆయన మొహమే చూస్తోంది.

“దీన్ని నేసినోడెవడో గని, కొడుకున్నోడే,” అన్నాడు బాపు. “పోయిరా బిడ్డా.”