ఖాళీ కాని ఖాళీ

ఇన్నాళ్లూ ఇది రాయలేదు, నాకు రాయడం రాదు కనుక. నస్పూర్‌లో గని కార్మికుల ఇళ్ల ఆడవాళ్లకు పెట్టిన రాత్రి బడిలో, ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాను. అంతకుముందు ఎవరితోనైనా రాయిద్దామంటే, వాళ్లు మోటారు సంగతి వదిలేసి నా ధైర్యం గురించి రాసేవాళ్లు. ఆ రోజు జరిగిందంతా మోటారు వల్లే జరిగింది.

అప్పుడు నేను హోంగార్డును. గోదావరికి వరద వచ్చింది. కరీంనగర్‌లో లారీ ఎక్కించారు. మధ్యాహ్నానికి ఖానాపూర్ దిగువన ఒడ్డు మీద దించారు. సన్నని వాన. నల్లరేగడి. కాలు లేపితే బూటు అక్కడే ఉండిపోయేది. నా దగ్గర ఒక వానకోటు, ఒక తాడు చుట్ట, ఒక వెదురు గెడ.

ఏటి మధ్యలో మెరక ఉంది. అలాంటి దాన్ని మేము కుర్రు అంటాం. దాని మీద మక్క చేలు, మేకల దొడ్లు. పదిమంది దాకా చిక్కుకున్నారు. వాళ్లలో ఆడవాళ్లున్నారు, మగ జవాన్ల చెయ్యి పట్టుకోవడానికి జంకుతారని నన్ను తెచ్చారు. పైగా నేను చేపలు పట్టే ఇంట్లో పుట్టాను, గెడ వేయడం వచ్చు. ఆర్డరు ఒక్కటే: చీకటి పడేలోగా అందరినీ ఒడ్డుకు చేర్చాలి.

పడవ వెనక మోటారు తగిలించి ఉంది. దాన్ని నడిపే మెకానిక్‌ది ఆదిలాబాద్. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. మోటారుకు ఒక లివరు. ముందుకు, వెనక్కి, మధ్యలో న్యూట్రల్. న్యూట్రల్‌ను ఉస్తాద్ ‘ఖాళీ’ అనేవాడు. ఖాళీలో ఇంజను తిరుగుతుంది, నీళ్లలోని రెక్క తిరగదు, పడవ నిలబడుతుంది. నేను ముందు కొసన గెడతో నిలబడాలి. మెరక తగలగానే ‘ఖాళీ’ అని అరవాలి. ఆయన లివరు మధ్యకు లాగాలి.

ఒడ్డు దగ్గరే మోటారు మొరాయించింది. ఖాళీలో పెట్టగానే రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఇంజను నెమ్మదిగా తిరిగే వేగం తక్కువైందనుకుని ఉస్తాద్ దాని స్క్రూ బిగించాడు. ఇప్పుడు ఆగలేదు గానీ, గేరు వేస్తే పడవంతా అదిరేలా ‘ధడ్’ మంది.

“గిట్ల కొడితే రెక్క పిన్ను ఇరుగుతది ఉస్తాద్.”

“ఇరిగితే ఇంకోటున్నది.”

“ఒక్కటేనా?”

“ఒక్కటే. దాని మీద గూడ నజర్ పెట్టకు చెల్లె, ముందల చూడు.”

కుర్రు చేరాం. చేను మునిగింది, జనం మోకాలి లోతు నీళ్లలో ఉన్నారు. అందరికంటే ముందు లచ్చవ్వ అనే పడుచు, చంకలో కూతురు. గెడకు నేల తగిలింది. “ఖాళీ!” అని అరిచాను.

జనం వెనక నుంచి ఒక ముసలాయన కేకేశాడు. “ఖాళీ ఉన్నదట! ఎక్కుండ్రి, ఎక్కుండ్రి!”

ఒక్కసారిగా మీద పడ్డారు. లచ్చవ్వ పిల్లను నా చేతుల్లో పెట్టి కాలు ఎత్తేలోపు ఆమెను పక్కకు తోసేశారు. లివరు మధ్యలోనే ఉంది, అయినా పడవ నిలబడలేదు. మెరకను రాసుకుంటూ ముందుకు జరిగింది. ఉస్తాద్ వెనక్కి గేరు కొట్టాడు. ధడ్. పిన్ను విరిగింది, రెక్క తిరగడం మానేసింది. ఏరు మమ్మల్ని లాక్కుపోయింది.

“పిల్లను పట్టుకో అక్కా!” అని అరిచింది లచ్చవ్వ. తనను తీసుకుపొమ్మని అనలేదు. కుర్రు మీద ఆమె ఒక్కతే మిగిలింది.

గెడ వేస్తూ, చాలా దిగువన ఒడ్డెక్కాం. వైర్‌లెస్ జవాను పరుగెత్తుకొచ్చాడు.

“ఎగువకెల్లి ఇంకా నీళ్లొస్తున్నయంట. గా కుర్రు మునుగుతది.”

“ఎంతసేపట్ల?”

“గది చెప్తలేరు.”

ముసలాయన తల పట్టుకు కూర్చున్నాడు. “ఖాళీ అంటే జాగ ఉన్నదనుకున్నం బిడ్డా. బస్సుల గట్లనే అంటరు గదా.”

“బస్సుకు బ్రేకుంటది తాతా, దీనికేడున్నది?” అన్నాడు ఉస్తాద్. కోపానికి కూడా ఓపిక లేదు ఆయనకు. ఉన్న ఒక్క పిన్నూ వేసి, ఇంజను ఆపి, ప్లగ్గు తీగ పీకి, లివరు మధ్యలో పెట్టాడు.

“రెక్క తిప్పి చూడు చెల్లె.”

నడుము లోతు నీళ్లలో దిగి తిప్పాను. ఒక దిక్కు తిరిగింది. రెండో దిక్కు కటకటమని పట్టేసింది.

“పట్టుకుంటున్నది ఉస్తాద్.”

“నీ పాడుగాను! ఇది ఖాళీయే కాదు!” అని తొడ మీద కొట్టుకున్నాడు.

లారీ కుదుపులకు, లివరును గేరుకు కలిపే కడ్డీ నట్టు వదులై కడ్డీ జారింది. పైన లివరు ఖాళీ చూపిస్తోంది, లోపల గేరు ముందుకే పట్టి ఉంది. రెక్కను తిప్పే ఆ బరువుకే ఇంజను ఆగిపోయేది. తప్పు స్క్రూది కాదు. ఆయన కడ్డీ జరుపుతుంటే నేను రెక్క తిప్పుతూ ఉన్నాను. రెండు దిక్కులా తిరిగాక నట్టు బిగించాడు. ఇంజను వేడెక్కనిచ్చి స్క్రూ మళ్లీ వదులు చేశాడు. లచ్చవ్వ కూతురు నా వానకోటు కప్పుకుని అంతా చూస్తోంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది.

“ఈపారి ఖాళీ అనకు, ఆపు అను,” అన్నాడు ఉస్తాద్.

మేమిద్దరమే వెళ్లాం. కుర్రు కనబడలేదు. కావలి మంచె గుంజ ఒక్కటి నీళ్లలో నిలబడి ఉంది. దాన్ని కావలించుకుని లచ్చవ్వ. రొమ్ముల దాకా నీళ్లు.

“ఆపు!”

గేరు చప్పుడు లేకుండా ఖాళీలో పడింది. ఉస్తాద్ ముందుకు కొంచెం, ఖాళీ కొంచెం వేస్తూ పడవను గుంజ పక్కనే నిలిపాడు. ఇంజను ఒక్కసారి కూడా ఆగలేదు.

“ఇడువు లచ్చవ్వా, చెయ్యియ్యి.”

“పిల్ల?”

“ఒడ్డుకున్నది. నా కోటు కప్పుకొని కూసున్నది.”

“ఒట్టు?”

“ఒట్టు.”

అయినా వదల్లేదు. వదలాలనే ఉంది, వేళ్లు రావడం లేదు. ఒక్కొక్క వేలే పట్టుకుని విప్పాను. విప్పిన వేలు మళ్లీ ముడుచుకుపోయేది. గుంజ మీది నానిన బెరడు ఆమె గోళ్లలో ఇరుక్కుని ఊడి వచ్చింది. ఆ తర్వాత ఎన్నో వరదలు చూశాను, మనుషులు పోవడమూ చూశాను. కళ్లు మూసుకుంటే మాత్రం ఆ వేళ్లే.

మరునాడు పొద్దున మమ్మల్ని వాపసు రమ్మన్నారు. లారీ హారన్ కొడుతోంది. ఒడ్డు మీది ఊరి బడి అరుగు మీద అందరికీ మక్కజొన్న రవ్వతో వండిన గటుక పోశారు. లచ్చవ్వ గిన్నె ముందు కూర్చుని ఉంది. చేతులు వాచి వేళ్లు వంగడం లేదు. నేను లారీ దిగి వెళ్లి పక్కన కూర్చుని, కలిపి ఒక ముద్ద ఆమె నోట్లో పెట్టాను. రెండో ముద్దకు ఒళ్లోని పిల్ల కూడా నోరు తెరిచింది. ఆమెకొకటి, పిల్లకొకటి, గిన్నె అయిపోయేదాకా పెట్టి, చెయ్యి కడుక్కుని లారీ ఎక్కాను.