నడిమి మూత తీసి చూడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరినీ నమ్మే అలవాటు లేదు. అది మా అమ్మ పెట్టిన కట్టుబాటు. ఆమెను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. పాలు పోసే ఆమె చెంబులో వేలు ముంచి చూసేది. దుకాణంలో తూకం వేస్తుంటే ముల్లును వదిలేసి, తక్కెడ పట్టిన చేతి చిటికెన వేలును చూసేది. చుట్టాలు వచ్చి బాగోగులు అడిగి పోతే, "గీళ్లు ఎందుకొచ్చినట్టు?" అని సాయంత్రం దాకా ఆలోచించేది. అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో ఆ భూతానికి పీట వేసి మరీ అన్నం పెట్టేవాళ్లం.

ఆమెకు ఆ గుణం బీడీల వల్ల వచ్చింది. అవ్వ ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది. తునికాకు కట్టలు ఇచ్చేవాళ్లు పైన నాలుగు, కింద నాలుగు మంచి ఆకులు పేర్చి, నడుమ పుచ్చిన ఆకు దూర్చేవాళ్లు. బీడీలు తక్కువైతే మాటలు మాత్రం చుట్టినవాళ్లే పడాల్సి వచ్చేది. అందుకని అవ్వ కట్ట చేతికి రాగానే దారం తెంపి, సరిగ్గా నడుమకు విరిచి చూసేది. కొన్నాళ్లకు గుమ్మడికాయనూ, బట్టల తానునూ, మనుషులనూ కూడా అట్లాగే చూడడం మొదలుపెట్టింది.

మా బాపుకు, అంటే నాన్నకు, ఒక పాత జీపు ఉండేది. ఖానాపూర్ దాటాక అడవి అంచున మా ఊరు. ఆ చుట్టుపక్కల ఊళ్లకు మనుషులను, వేసవిలో తునికాకు ఎండబెట్టే కల్లాల దగ్గరికి గుమాస్తాలను తిప్పేవాడు. ఆ ఏడు ఎండలు ముదరకముందే దాని బ్యాటరీ చచ్చింది. తాళం తిప్పితే టిక్కుమని ఊరుకునేది. రోజూ పొద్దున నలుగురు కలిసి నెట్టాల్సి వచ్చేది. ముందు నుంచి ఇనుప రాడ్డు పెట్టి తిప్పవచ్చు కానీ, అంతకు ముందటేడు ఆ రాడ్డు ఎదురు తన్ని బాపు మణికట్టు విరిగింది. ఆ తర్వాత ఆయన దాని జోలికి పోలేదు.

నెడితే కదిలే బండికి అంత బెంగ ఎందుకంటారేమో. మా అక్క తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. ఊళ్లకు తిరిగే నర్సమ్మ పొట్ట తడిమి చూసి, బిడ్డ అడ్డంగా ఉన్నదని, నొప్పులు మొదలైన గడియలోనే నిర్మల్ ఆసుపత్రికి చేర్చకపోతే తల్లీ బిడ్డా దక్కరని చెప్పి పోయింది. ఊళ్లో ఉన్న బండి మాదొక్కటే. పైగా అది ఆకు తెంపే కాలం. కోడి కూయకముందే ఊరు ఊరంతా అడవికి పోయి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చేది. అప్పటిదాకా ఇళ్లల్లో ముసలివాళ్లు, పాలు తాగే పిల్లలు తప్ప ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఆ వేళకు నొప్పులొస్తే జీపు నెట్టేదెవరు? అవ్వ ఆ మాట బయటికి అనలేదు. కానీ చుట్టిన బీడీలను మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకుంటుంటే నాకు తెలిసిపోయింది. నాకు అప్పుడు పదేళ్లు. అక్క చనిపోతుందేమోనని నాకూ భయంగా ఉండేది.

అక్క దగ్గర నాయనమ్మను కూర్చోబెట్టి, ఒక రోజు ముగ్గురం కొత్త బ్యాటరీ కోసం జీపులో కరీంనగర్ బయలుదేరాం. దారిలో ఎక్కడా ఇంజను ఆపలేదు. ఆపితే మళ్లీ నెట్టాలి. బాపూ అవ్వా దిగినప్పుడల్లా నేను బండిలో కాపలా కూర్చోవాలి. చాయ్ తాగడానికి ఆగిన చోట ఒకాయన నన్ను చూసి నవ్వితే, అవ్వ గ్లాసు కింద పెట్టి జీపు దగ్గరికి వచ్చి నిలబడింది.

మొదటి దుకాణం అద్దాల తలుపులది. జీపును ఎదురుగా నిలబెట్టి లోపలికి పోగానే దుకాణం ఆయన ఎదురొచ్చి బాపును అన్నా అన్నాడు, అవ్వను అక్కా అన్నాడు, నాకు చల్లటి సోడా తెప్పించాడు. వరస కలపగానే అవ్వ కళ్లు చిన్నవయ్యాయి. ఆయన తళతళలాడే బ్యాటరీ ఒకటి బల్ల మీద పెట్టాడు. నల్లటి డబ్బా, దాని మీద ఆరు మూతలు. లోపల ఆరు గదులు ఉంటాయట. రబ్బరు బుడ్డి తగిలించిన గాజు గొట్టంతో లోపలి యాసిడ్ పీలిస్తే, గొట్టంలో ఒక చిన్న తేలుడు పుల్ల పైకి లేస్తుంది. పచ్చ గీత దాకా లేస్తే ఆ గది బాగున్నట్టు, ఎర్ర గీత దగ్గరే మునిగితే చచ్చినట్టు. ఆయన మొదటి మూత తీశాడు, పచ్చ గీత. చివరి మూత తీశాడు, పచ్చ గీత. చూశారా అన్నట్టు నవ్వాడు.

"నడిమిది తియ్యి బిడ్డా," అన్నది అవ్వ.

అన్నిట్లో ఉండేది ఒకటే నీళ్లని ఆయన చెప్పబోయాడు. అవ్వ కదల్లేదు. చివరికి తీశాడు. పుల్ల ఎర్ర గీత దగ్గరే మునిగింది. ఛార్జింగుకు వచ్చిన పాతది పొరపాటున కలిసిందని ఆయన చెప్తుండగానే మేం జీపెక్కాం. పైన పటారం, లోన లొటారం అని అవ్వ దారంతా గొణుగుతూనే ఉంది. ఆ రోజు ఆమె ముఖంలో కోపం కన్నా గెలిచిన తృప్తే ఎక్కువ. ఒక్క ఆరు మూతల డబ్బాతో లోకమంతా పుచ్చిన కట్టేనని నాకూ రుజువైపోయింది.

రెండోది ఒక రేకుల షెడ్డు. అందులో ఒక ముసలి చాచా, యాసిడ్ పడి చిల్లులు పడిన లుంగీతో ఉన్నాడు. రమ్మనలేదు, కూర్చోమనలేదు. జీపు చుట్టూ ఒకసారి తిరిగి ప్రశ్నలు మొదలుపెట్టాడు. రోజుకు ఎంత దూరం తిరుగుతది? తారు రోడ్డా, మట్టి బాటనా? ఎన్నిసార్లు బంద్ చేసి మళ్ల చాలూ చేస్తరు? ఎండల ఎక్కడ నిలబెడ్తరు? పోలీసులు కూడా అన్ని అడగరు. గరజు, అంటే మన అవసరం, తెలిస్తే గొంతు కోస్తారన్నది అవ్వ నమ్మకం. బాపు నోరు తెరిచేలోపే ఆమె అందుకున్నది.

"తారు రోడ్డే. నిర్మల్ పోతది, వస్తది. నడుమల ఆపుడే ఉండది."

బాపు నేల చూశాడు. చాచా తలూపి లోపలి నుంచి ఒక బ్యాటరీ తెచ్చాడు. మంచిదే. అవ్వ అడిగితే నడిమి నుంచి మొదలుపెట్టి ఆరు మూతలూ తీసి చూపించాడు కూడా, ఆరూ పచ్చ గీతే. ఇక బిగించబోతుండగా, తారు రోడ్డు బండికి ఇది ఐదేళ్లు ఢోకా లేదని, రాళ్ల బాటల తిప్పితే మాత్రం లోపలి పలకలు నెల రోజుల్లో రాలిపోతాయని మామూలుగా అన్నాడు.

నెల రోజులకే అక్క నొప్పులు. అవ్వ వైపు చూశాను. ఆమె కొంగు ముడి విప్పి పైసలు లెక్కపెడుతోంది. ఒకసారి ఆడిన అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడం ఆమెకు చేతకాదు. నాకే ఏడుపొచ్చి అరిచేశాను.

"తారు రోడ్డు కాదు తాతా! అడవిల తిరుగుతది, రాళ్లల్ల. మా అక్కకు నొప్పులొస్తే నెట్టెటోళ్లు ఎవ్వరు లేరు."

అవ్వ నా తొడ మీద గిల్లిన గిల్లుడు వారం దాకా నల్లగా ఉంది. చాచా మాత్రం ఆ బ్యాటరీని తీసుకుపోయి లోపల పెట్టాడు. లారీకి వేసే పెద్దది ఇమ్మని బాపు అడిగితే, ఈ జీపు డైనమో దాని కడుపు నింపలేదని, సగం ఆకలితోనే అది చస్తుందని కసిరాడు. రాళ్ల బాటకు తట్టుకునే మందం పలకలది ఇంకొకటి తెచ్చాడు. చూడ్డానికి మొదటిదాని కన్నా నాసిగా ఉంది. గాజు గొట్టం ఈసారి నా చేతికిచ్చాడు. ఒక గోనె సంచి నా ఒంటికి చుట్టి, చుక్క మీద పడనీయకు అని చెప్పి, "మీ అవ్వ నా కండ్లను నమ్మది. నువ్వే చూసి చెప్పు బేటీ. నడిమికెళ్లి మొదలుపెట్టు," అన్నాడు.

గొట్టం ముంచి ఆరు గదులూ చూశాను. ఆరుసార్లూ పచ్చ గీత. అయినా అవ్వ ఊరుకుందా? బిగించేటప్పుడు మార్చేస్తారని, ఆకువక్క కోసం నడుముకు దోపుకున్న సున్నం డబ్బీ తీసి, బ్యాటరీ ఒక మూల చిటికెన వేలితో చుక్క పెట్టింది. చాచా అది చూశాడు. చూసి మొదటిసారి నవ్వాడు.

"అమ్మా, నా మాల్ మీద ఎంతన్న శక్ చెయ్యి, నాకు ఫికర్ లేదు. కానీ నీ గరజు నాకు దాచకు. దాస్తే నా మంచి మాల్ గూడ నీకు ఖరాబే అయితది."

మా ఇంటి అనుమానానికి ఆయన నోట పేరు శక్. ఆయన బ్యాటరీ కింద రబ్బరు ముక్క వేసి, కదలకుండా పట్టీ బిగించి, ఈ ఎండలకు వారం వారం మూతలు తీసి నీళ్లు చూసుకోమని బాపుకు చెప్పాడు. నల్లా నీళ్లు కాదు, దుకాణంలో దొరికే బ్యాటరీ నీళ్లే పోయాలన్నాడు. తిరుగు దారిలో బాపు చాయ్ కోసం ఆగి, కావాలనే ఇంజను ఆపి, మళ్లీ తాళం తిప్పాడు. జీపు ఒక్క తిప్పుకే అందుకున్నది. అవ్వ దిగి, సున్నం చుక్క ఉందో లేదో చూసి వచ్చి కూర్చుంది.

నెల తిరగకుండానే ఒక పొద్దున అక్కకు నొప్పులు మొదలయ్యాయి. ఊరంతా అడవిలో ఉంది. వాకిట్లో నాయనమ్మ, నేను, రెండు మేకలు. అవ్వ అక్కను పట్టుకుని జీపెక్కించింది. బాపు తాళం మీద చేయి పెట్టి ఒక క్షణం ఆగాడు. ఆ క్షణం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. తిప్పగానే జీపు గర్జించింది. ఎవరి మీదా నమ్మకం లేని మా అవ్వ, బ్యాటరీ ఉన్న వైపు తిరిగి రెండు చేతులూ జోడించి దండం పెట్టింది.

ఆసుపత్రిలో కోసి తీశారు. తల్లీ బిడ్డా దక్కారు. బాపు మళ్లీ కరీంనగర్ పోయేటప్పుడు, అవ్వ తాను చుట్టిన బీడీల కట్ట ఒకటి చాచాకు పంపింది. నడుమకు విరిచి చూసుకోమని మరీ చెప్పి పంపింది.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆమె సున్నం డబ్బీ మాత్రం, నాకు ఆకువక్క అలవాటు లేకపోయినా, నా సంచిలోనే ఉంటుంది. మొన్న అక్క బిడ్డ కారుకు బ్యాటరీ మార్చాల్సి వస్తే కరీంనగర్‌లోనే ఒక దుకాణానికి పోయాం. ఇప్పటి బ్యాటరీలకు తీసి చూడడానికి మూతలు లేవు. దుకాణం ఆయన, రోజుకు ఎంత తిరుగుతుంది, ఎండలో పెడతారా నీడలోనా అని అడిగాడు. "అవన్నీ మీకెందుకండీ?" అన్నది పిల్ల. అచ్చం మా అవ్వ గొంతే! నేను అడ్డొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. తను పాఠాలు చెప్పే కాలేజీకి రెండు కిలోమీటర్లు, వేసవి సెలవుల్లో పది రోజులు కదలదు, నెలకోసారి ఖానాపూర్ దాకా పోతుంది, మధ్యాహ్నమంతా ఎండలోనే ఉంటుంది. ఆయన చేతిలో ఉన్నది పక్కన పెట్టి ఇంకొకటి తీశాడు. తయారైన నెల ఎక్కడ కొట్టి ఉందో చూపించమన్నాను, మీటరు నా చేతికిమ్మన్నాను, బిగించేముందు సున్నంతో మూలకు ఒక చుక్క పెట్టాను.

"ఇంకా శక్కేనా చిన్నమ్మా?" అని నవ్వుతూ పిల్ల తాళం తిప్పింది. కారు ఒక్క తిప్పుకే అందుకున్నది. నేను నవ్వలేకపోయాను. ఆ రోజు జీపులో మా అక్క కడుపులో అడ్డం తిరిగి ఉన్న బిడ్డ తనే మరి.